కౌమారంలో మత్తు: దేశానికొక కారణం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జూబిలీ వంటి శుభసందర్భంలో మత్తుపదార్థాల ప్రస్తావన అపశ్రుతిగా తోచవచ్చు. అయితే ఈ సభలో ఆసీనులైన తల్లిదండ్రులలో అధికసంఖ్యాకుల పిల్లలు పదకొండు, పదిహేడు సంవత్సరాల నడుమ వయస్సువారే. ఏ దేశంలోనైనా పొగాకు గాని, మద్యం గాని, మరొక మత్తు గాని మనిషి చేతికి తొలిసారిగా అందేది సాధారణంగా ఈ వయస్సులోనే. పిల్లవాని జేబులో గుట్కా పొట్లం దొరికిననాడు పెద్దలు చెప్పుకొనే కారణాలు రెండు. ఒకటి చెడు సావాసం, రెండవది పాశ్చాత్య నాగరికత. రెండింటిలోను కొంత నిజమున్నది, కొంత సౌకర్యమూ ఉన్నది. మొదటి కారణం తప్పును పక్కింటి పిల్లవాని మీదికి నెడుతుంది. రెండవది సముద్రాల ఆవలికే నెట్టివేస్తుంది. ఇంటి పెద్దల జోలికి ఈ రెండూ రావు. ఇతర దేశాల అనుభవాన్ని కొంచెం దగ్గరగా పరిశీలిస్తే ఈ సౌకర్యం నిలిచేది కాదు.

ముందుగా పాశ్చాత్యమనే మాటనే చూడాలి. ఐస్లాండ్, డెన్మార్క్ రెండూ పాశ్చాత్య దేశాలే. రెండూ చలిదేశాలు, సంపన్న దేశాలు. 1944లో గణతంత్రంగా ప్రకటించుకొనే వరకు ఐస్లాండ్ డెన్మార్క్ రాజు ఏలుబడిలోనే ఉండేది. మతం ఒకటే, ఆచారవ్యవహారాలలోనూ సామ్యం ఎక్కువ. 1998లో ఐస్లాండ్‌లోని 15, 16 సంవత్సరాల విద్యార్థులను ప్రశ్నించగా, గడచిన నెలరోజులలో ఒక్కసారైనా తప్పతాగినట్లు చెప్పినవారు నూటికి 42 మంది. 2016 నాటికి ఆ సంఖ్య 5కు దిగివచ్చింది. ప్రతిదినం సిగరెట్టు తాగేవారు 23 నుండి 3కు తగ్గారు. కాగా 2019లో యూరప్ దేశాల విద్యార్థులలో జరిగిన సర్వేలో డెన్మార్క్ పిల్లలు నూటికి 40 మంది గడచిన నెలలో మత్తెక్కేటట్లు తాగినట్లు తెలిపారు. యూరప్ సగటు 13 మాత్రమే. వాతావరణమే కారణమైతే, నాగరికతే కారణమైతే ఇంతటి అంతరం ఎక్కడి నుండి వచ్చింది?

ఐస్లాండ్‌లో బీరు అమ్మకంపై నిషేధం 1989 మార్చి 1న తొలగింది. తరువాతి దశాబ్దంలో శుక్రవారం రాత్రులు రాజధాని రెక్యావిక్ వీథులు తాగిన పిల్లలతో నిండిపోయేవి. అక్కడి పరిశోధకులు పాఠశాల విద్యార్థులందరికీ ప్రశ్నపత్రాలు పంచి, వారి సాయంకాలాలు ఎలా గడుస్తున్నాయో, తల్లిదండ్రులతో ఎంతసేపు ఉంటున్నారో, రాత్రి ఎన్ని గంటలకు ఇల్లు చేరుతున్నారో అడిగి తెలుసుకొన్నారు. తల్లిదండ్రులతో ఎక్కువసేపు గడిపేవారిలోను, వారంలో కనీసం మూడు నాలుగు రోజులు ఆటలకో సంగీతానికో వెళ్లేవారిలోను, రాత్రులు బయట తిరగనివారిలోను తాగుడు చాలా తక్కువగా కనిపించింది. ఎవరికీ చెందని గంటలే అక్కడ అసలు కారణమని తేలింది.

ఆ దేశం చేసిన పని విని నేర్చుకోదగినది. పదమూడు నుండి పదహారు సంవత్సరాలవారు చలికాలంలో రాత్రి పది దాటి, వేసవిలో పన్నెండు దాటి పెద్దల తోడు లేకుండా బయట ఉండరాదని చట్టం చేశారు. పొగాకు కొనుగోలుకు 18, మద్యానికి 20 సంవత్సరాల వయోనిబంధన విధించారు. ఆటలకు, సంగీతానికి, నృత్యానికి ప్రభుత్వధనం విరివిగా ఇచ్చారు. రెక్యావిక్‌లో ప్రతి పిల్లవాని పేర ఇటువంటి కార్యకలాపాల రుసుము నిమిత్తం ఏటా కొంత మొత్తం కేటాయిస్తున్నారు. తల్లిదండ్రులు పాఠశాల వారీగా ఒప్పందపత్రాలపై సంతకాలు చేశారు. వంతులవారీగా రాత్రులు వీథులలో నడిచారు కూడా. అప్పుడప్పుడు ఏదో విశేషంగా గడపడం కన్నా, ప్రతిదినం ఎక్కువసేపు పిల్లలతో ఉండడమే మేలని అక్కడి తల్లిదండ్రులకు బోధించారు. వారాంతంలో ఒకనాడు హోటలుకు తీసుకువెళ్లి బాధ్యత తీరిందనుకొనే అలవాటు ఐస్లాండ్‌వారిది మాత్రమే కాదు. 1997లో సాధారణ దినాలలో తల్లిదండ్రులతో తరచుగా గడిపే 15, 16 ఏళ్లవారు నూటికి 23 మంది కాగా, 2012 నాటికి 46 మంది అయ్యారు. అదే కాలంలో యూరప్‌లోని మరికొన్ని దేశాలలో కూడా పిల్లల తాగుడు కొంత తగ్గినమాట వాస్తవం. కనుక ఫలితమంతా ఈ పథకాలదేనని చెప్పరాదు. కాని ఇంత దూరం తగ్గిన దేశాలు అరుదు.

డెన్మార్క్‌లో పదహారేళ్లకే బీరు కొనవచ్చును. ఆ వయస్సులో తాగడాన్ని అనేకమంది తల్లిదండ్రులు సహజమైన విషయంగానే భావిస్తారు. పెద్దలు తలుపు తెరిచి ఉంచినచోట పిల్లలు లోనికి వెళ్లడంలో వింత లేదు.

అమెరికా కథ వేరు. అక్కడ ఖాళీ సమయం కన్నా వ్యాపార చాతుర్యం పెద్ద కారణంగా కనిపిస్తుంది. 2015లో జూల్ అనే ఎలక్ట్రానిక్ సిగరెట్టు బజారులోకి వచ్చింది. చూడడానికి కంప్యూటరు పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. పొగ వాసన రాదు. మామిడిపండు, పుదీనా రుచులలో దొరికేది. తరగతి గదిలో చొక్కాచేతి మాటున పీల్చినా ఉపాధ్యాయుడు పసిగట్టలేడు. నాలుగేళ్లు తిరిగేసరికి, అనగా 2019 నాటికి, అమెరికా ఉన్నత పాఠశాల విద్యార్థులలో నూటికి 27 మందికి పైగా ఎలక్ట్రానిక్ సిగరెట్లు వాడుతున్నట్లు ప్రభుత్వ సర్వేలో తేలింది. ఇంతమంది పిల్లలు నాలుగేళ్లలో ఒక్కసారిగా చెడిపోయారని ఎవరైనా అనగలరా? పిల్లలు మునుపటి పిల్లలే, మారినది వస్తువు. ఆ సంవత్సరాంతాన పొగాకు కొనుగోలు వయస్సును దేశమంతటా 21కి పెంచారు. మరుసటి ఏడు పండ్ల రుచుల గుళికలపై ఆంక్షలు పెట్టారు. 2022లో ఆ కంపెనీ ముప్పయికి పైగా రాష్ట్రాలతో సుమారు 44 కోట్ల డాలర్ల రాజీకి అంగీకరించింది. 2024లో ఉన్నత పాఠశాలల్లో వాడుకరులు నూటికి 8కి లోపే. భారతదేశం ఈ వస్తువును 2019లోనే చట్టం ద్వారా నిషేధించింది. అంతమాత్రాన దొంగచాటుగా దొరకడం లేదని కాదు.

అమెరికాలోనే మరొక ద్వారం ఇంటి మందుల అలమర. 1996 నుండి అక్కడ నల్లమందు జాతికి చెందిన నొప్పిమాత్రలు విచ్చలవిడిగా వాడుకలోకి వచ్చాయి. వైద్యుడు రాయకుండా వాటిని వాడినవారిలో అధికసంఖ్యాకులు స్నేహితుల నుండో బంధువుల నుండో తీసుకొన్నారని సర్వేలు పదేపదే చూపించాయి. నాయనమ్మ మోకాళ్లనొప్పికి తెచ్చిన సీసా మనుమడికి వ్యసనమై కూర్చున్న ఇళ్లున్నాయి.

ఇక దక్షిణ కొరియా. చదువుమీద అంతటి శ్రద్ధ గల దేశం మరొకటి అరుదు. అక్కడి వీథులలో తాగి తిరిగే బడిపిల్లలు తక్కువ. 2023 ఏప్రిల్‌లో రాజధాని సియోల్‌లోని గంగ్నమ్ ప్రాంతంలో, కోచింగ్ సంస్థలకు ప్రసిద్ధి చెందిన పేటలో, కొందరు మనుషులు విద్యార్థులకు ఉచితంగా పానీయపు సీసాలు పంచారు. ఏకాగ్రతను, జ్ఞాపకశక్తిని పెంచే పానీయమని చెప్పారు. అందులో కలిపినది మెథాంఫెటమీన్ అనే తీవ్రమైన మాదకద్రవ్యం. తరువాత తల్లిదండ్రులకు ఫోన్ చేసి, డబ్బివ్వకపోతే పిల్లల సంగతి బయటపెడతామని బెదిరించారు. నేరస్థులు పట్టుబడ్డారు. ఆలోచించదగినది వారి ఎరను గురించి. సుఖం కలుగుతుందని చెప్పి ఉంటే ఆ పిల్లలలో అనేకులు సీసా తాకేవారు కారు. మార్కులు పెరుగుతాయన్నారు గనుక తాగారు. ఆటలకు పంపితే చదువు పాడవుతుందని భయపడే తల్లిదండ్రులు ఈ ఉదంతాన్ని ఐస్లాండ్ ఉదంతం పక్కన పెట్టి చూడవలసి ఉంటుంది.

వీటన్నిటికన్న హృదయవిదారకమైన కారణం పేదదేశాలలో కనిపిస్తుంది. మధ్య అమెరికాలోని హోండురాస్, గ్వాటెమాల వీథిబాలలు చెప్పులు అతికించే జిగురును పీల్చి మత్తులో పడేవారు. రెసిస్టాల్ అనే జిగురు పేరునుబట్టి ఆ పిల్లలకు రెసిస్టొలెరోలు అనే పేరే స్థిరపడింది. ఫిలిప్పీన్స్‌లో రగ్బీ అనే జిగురుది ఇదే కథ. బ్రెజిల్‌లో చెప్పులు కుట్టేవారి జిగురుది ఇదే కథ. ఆ జిగురులోని టొలూన్ అనే ద్రావకం ఆకలిని, చలిని, భయాన్ని కాసేపు మరపిస్తుంది. అన్నం కన్నా చవకగా దొరుకుతుంది. అటువంటి పిల్లవానికి మత్తువల్ల కలిగే అనర్థాలపై ఉపన్యాసమివ్వడం నిష్ప్రయోజనం. ఆ ఉపన్యాసం వినడానికి అతనికి బడి కూడా లేదు.

భారతదేశంలో ప్రభుత్వం 2018లో జరిపించి 2019లో ప్రకటించిన జాతీయ సర్వే ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. మద్యం, గంజాయి, నల్లమందు మొదలైన సమస్త మత్తులలోను పెద్దల కన్నా పిల్లలలో ఎక్కువగా కనిపించినది ఒక్కటే. అది పీల్చే మత్తు, అనగా వైట్నర్, పంక్చర్ జిగురు, థిన్నర్ వంటివి. పెద్దలలో నూటికి 0.58 మంది, పది నుండి పదిహేడేళ్లవారిలో నూటికి 1.17 మంది వాడుతున్నారు. వారిలో సుమారు 4 లక్షల 60 వేల మంది పిల్లలకు చికిత్స, సహాయం అవసరమని అంచనా. వీటిలో ఒక్కటి కూడా చీకటి వ్యాపారి వద్ద కొనవలసినది కాదు. వైట్నర్ పుస్తకాల కొట్టులోనే దొరుకుతుంది.

ఇన్ని దేశాల కథలలో ఉమ్మడిగా ఉన్నది వయస్సు. ముందువెనుకలు ఆలోచించి తన్ను తాను ఆపుకొనే శక్తికి ఆధారమైన మెదడు ముందుభాగం పూర్తిగా పరిణతి చెందడానికి ఇరవై అయిదేళ్ల దాకా పడుతుంది. కొత్తదనం కోసం, తోటివారి మెప్పు కోసం ఉరకలు వేసే భాగాలు అంతకన్నా చాలా ముందే మేల్కొంటాయి. బండికి వేగం ముందు వచ్చి, కళ్లెం తరువాత వస్తుందన్నమాట. ప్రకృతి ఈ ఏర్పాటు సకల దేశాల పిల్లలకూ సమానంగానే చేసింది. పరిసరాలే వేరు. వాటి ప్రభావం ఎంతటిదో వియత్నాం యుద్ధానంతరం వెల్లడైంది. అక్కడ పనిచేసిన అమెరికన్ యువసైనికులలో ప్రతి అయిదుగురిలో ఒకరు హెరాయిన్‌కు బానిసలయ్యారు. స్వదేశానికి వస్తే ఏమవుతుందోనని ప్రభుత్వం హడలిపోయింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వారిని వెదకి ప్రశ్నించగా, అలా బానిసలైనవారిలో తిరిగివచ్చిన మొదటి సంవత్సరంలో మళ్లీ వ్యసనంలో పడినవారు ఇరవైమందిలో ఒక్కరేనని తేలింది. ఇల్లు, పని, తెలిసిన ముఖాలు చుట్టూ చేరాయి. చవకగా దొరికే సరుకు దూరమైంది.

ఇక పొగాకు సంగతి. 2019లో దేశవ్యాప్తంగా 13 నుండి 15 సంవత్సరాల విద్యార్థులలో జరిగిన సర్వేలో నూటికి 8.5 మంది పొగాకు వాడుతున్నట్లు తేలింది. మిజోరం, అరుణాచల్ ప్రదేశ్‌లలో ఆ సంఖ్య 58. షోలాపూర్‌కు పొరుగున ఉన్న కర్ణాటకలో 1.2. తరగతి గదిలో కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నకు పిల్లలిచ్చిన జవాబులివి. ఉపాధ్యాయులకు తెలియనిది కాదు, కొందరు దాచి ఉంటారు. అయినా ఇంత తేడా దాపరికంవల్ల రాదు. మిజోరంలో 2016-17 నాటికి పెద్దలలోనే నూటికి 58.7 మంది పొగాకు వాడేవారు. అక్కడ పిల్లల లెక్క పెద్దల లెక్కకు నీడ. కర్ణాటకలో మాత్రం పెద్దలు 22.8 మంది వాడుతున్నా పిల్లల సంఖ్య అంత తక్కువగా ఉన్నది. పెద్దల అలవాటు పిల్లలకు తప్పనిసరిగా సంక్రమించే జాడ్యం కాదని దీనివల్ల ధైర్యం చెప్పుకోవచ్చును.

అదే సర్వేలో మరొక అంశం ఉన్నది. సిగరెట్టు మొదలుపెట్టే మధ్యస్థ వయస్సు 11.5 సంవత్సరాలు, బీడీకి 10.5, నోటిలో వేసుకొనే పొగాకుకు 9.9. అనగా సినిమాహాలు వెనుక స్నేహితుడిచ్చిన సిగరెట్టు కన్నా ముందే, మూడు నాలుగు తరగతుల్లో ఉండగానే, కొందరు పిల్లలు పొగాకు రుచి చూస్తున్నారు. ఆ వయస్సులో పిల్లవాని ప్రపంచం ఇల్లు, వాడ, బడి. మహారాష్ట్రలో పొగాకును మాడ్చి పొడి చేసిన మిశ్రీతో పళ్లు తోముకొనే అలవాటు స్త్రీలలో తరతరాలుగా ఉన్నది. పంటినొప్పికి అదే మందని పిల్లల చిగుళ్లకు రాసే పెద్దలూ ఉన్నారు.

షోలాపూర్ తెలుగువారికి ఈ మాట మరింత దగ్గరగా తగులుతుంది. నిజాం సీమ నుండి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ ఊరి చాదర్లకు, తువాళ్లకు దేశమంతటా పేరు తెచ్చాయి. మిల్లులు మూతబడిన తరువాత, మగ్గం కూలి చాలనప్పుడు, వేలాది ఇళ్లను నిలబెట్టినది స్త్రీల బీడీపని. కార్ఖానా నుండి తునికాకు, పొగాకు ఇంటికి తెచ్చి, ఆకు కత్తిరించి, చుట్టి, దారం కట్టి, వేయి బీడీలు అప్పగించి కూలి తెచ్చుకొన్న తల్లుల కష్టంతోనే ఈ పాఠశాలలో ఎందరో ఫీజులు కట్టి చదువుకొన్నారు. ఆ పూర్వవిద్యార్థులు ఈ సభలో కూడా ఉన్నారు. కనుక బీడీ చుట్టే చేతులను నిందించే అర్హత ఎవరికీ లేదు. 1986 బాలకార్మిక చట్టం బీడీపనిని పిల్లలకు నిషిద్ధమైన పనుల్లో చేర్చింది. అయితే ఇంటిలో కుటుంబంతో కలిసి చేసే పనికి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు సందులోనే ఎందరో ఆడపిల్లలు సాయంకాలాలు బీడీలకు దారం కడుతూ హోంవర్కు చేసుకొన్నారు. పొగాకు చేట పుస్తకం పక్కన ఉన్న ఇంటిలో, పొగాకు ప్రమాదకరమైన వస్తువని పాఠ్యపుస్తకం చెప్పేది ఎంతవరకు నాటుకొంటుంది?

పనిచేసే తల్లికి సమయం లేకపోవడం మత్తుకు ద్వారం కావడం కొత్త సంగతి కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండు ఫ్యాక్టరీ స్త్రీలు పసిబిడ్డలకు గాడ్‌ఫ్రే కార్డియల్ అనే నల్లమందు కలిసిన పాకం పట్టి పనికి వెళ్లేవారు. బొంబాయి మిల్లులలో పనిచేసిన తల్లులు బాలగోళీ అనే నల్లమందు మాత్రలు వేసి బిడ్డలను నిద్రపుచ్చేవారు. ఆ తల్లులు దుష్టులు కారు. బిడ్డను కనిపెట్టుకొని ఉండేందుకు మరొకరు లేరు. అప్పటి బిడ్డ ఉయ్యాలలో ఉండేది, ఇప్పటి పిల్లవాడు వీథి మొగన ఉన్నాడు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణాన్ని మూయించినప్పుడు తాగేవారికి నీతులు చెప్పే పని పెట్టుకోలేదు. సరుకు ఊరికి రాకుండా అడ్డుపడ్డారు. అక్షరాస్యతా తరగతులలో కూర్చున్నందువల్ల వారికి ఆ ఆలోచన, ఆ ధైర్యం కలిగాయి. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధమైంది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లకే సడలిపోయినా, దూబగుంట స్త్రీలు చూపిన తోవ చెరిగిపోలేదు. చట్టం ఇప్పుడు కూడా అండగానే ఉన్నది. 2003 పొగాకు చట్టం ప్రకారం విద్యాసంస్థలకు నూరు గజాలలోపు పొగాకు అమ్మరాదు. పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఎక్కడా అమ్మరాదు. 2015 బాలన్యాయ చట్టం కింద పిల్లలకు మత్తుపదార్థాలు గాని, పొగాకు గాని ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగారశిక్ష పడవచ్చు. మహారాష్ట్రలో 2012 నుండి గుట్కా నిషిద్ధం. అయినప్పటికీ తండ్రి పదేళ్ల కొడుకు చేతికి డబ్బులిచ్చి బీడీకట్ట తెమ్మని పాన్ డబ్బాకు పంపితే, కొట్టువాడు ఆ చట్టాన్ని అతిక్రమించేది తండ్రి కోరికమీదనే.

పట్టుబడిన పిల్లవానిని ఏమి చేయాలన్న ప్రశ్న మిగిలింది. టి.సి. ఇచ్చి పంపివేయాలని తల్లిదండ్రుల సమావేశాలలో కొందరు గట్టిగా వాదిస్తారు. ఇతర పిల్లలు చెడిపోతారన్న వారి భయం అర్థం చేసుకోదగినదే. ఎనిమిదవ తరగతి వరకు విద్యాహక్కు చట్టం అందుకు ఒప్పుకోదు. తొమ్మిది, పది తరగతుల పిల్లవాని విషయంలో పాఠశాలకు అధికారం ఉన్నా, దానిని వాడడం ఎంతమాత్రమూ సమంజసం కాదు. రోజుకు ఆరేడు గంటలు పెద్దల కంటి ముందు ఉండే ఒకే ఒక చోటు అతనికి బడి. అక్కడినుండి తొలగిస్తే ఆ గంటలు కూడా వీథికి చెందుతాయి.

సాయంకాలం అయిదింటికి బడి గంట కొడతారు. తండ్రి మరమగ్గాల పాళీ ముగించుకొని వచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. తల్లి బీడీలు అప్పగించడానికి కార్ఖానాలో వరుసలో నిలబడి ఉంటుంది. ఆ మూడు గంటలు పాఠశాల మైదానం తాళం వేసి ఉంటుంది. జూబిలీ నిధితో ప్రవేశద్వారం వద్ద స్మారక తోరణం కట్టించాలన్న ప్రతిపాదన పరిశీలనలో ఉన్న సంగతి సభ్యులకు తెలిసినదే. దానికి బదులుగా మైదానంలో నాలుగు దీపస్తంభాలు, పాత వాచనాలయానికి కొత్త బల్లలు, ఒక వ్యాయామ శిక్షకునికి సాయంకాలపు జీతం అన్న మరొక ప్రతిపాదన ఉపాధ్యాయులు లిఖితపూర్వకంగా సమర్పించారు. ఇద్దరు ఉపాధ్యాయులు వారానికి మూడేసి సాయంకాలాలు ఉచితంగా ఉండేందుకు పేర్లిచ్చారు. కబడ్డీ, వాలీబాల్, తబలా నేర్పగల పూర్వవిద్యార్థులకు, వంతులవారీగా వచ్చి కూర్చోగల తల్లులకు, తండ్రులకు ఒక పట్టిక కార్యాలయం ముందు బల్లపై ఉంచడమైనది. సర్వసభ్య సమావేశం వచ్చే నెల మొదటి ఆదివారం.